అష్టభోగాలు లేని ప్రింటరు

రామచంద్రపురం కాపురస్థుడు, వయస్సు 68 సంవత్సరాలు, పూర్వవృత్తి దస్తావేజు లేఖరి, ప్రస్తుతవృత్తి ఇంటిపట్టునుండి సణుగుట, అయిన నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా: మా ఇంట్లో ప్రింటరు నా మాట వినడం లేదు.

"ఇంట్లో ఎవరు వింటున్నారు గనక?" అంది మా ఆవిడ. ఆవిడ సంగతి వేరు. ఆవిణ్ని నేను కొనలేదు. కట్నం లెక్క తీస్తే కొన్నది తనేనంటుంది, ఆ ప్రసక్తి ఇక్కడ అనవసరం. ప్రింటరుని మాత్రం కొన్నాను. తొమ్మిది వేల రెండొందలు, రొక్కం. రసీదు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కనే ఉంది.

సంక్రాంతికి కూతురూ అల్లుడూ వచ్చారు. భోగిమంట చల్లారాక, అందరూ ఉండగానే నా వీలునామా చిత్తు చదివి వినిపిద్దామని కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కాను. ప్రింటరు గుర్రుమని, కాగితం సగం మింగి, మళ్లీ కక్కి, ఎర్రదీపం వెలిగించింది. తెరమీద నోటీసు: నేను వేసిన సిరాబుడ్డి తమ కంపెనీది కాదట, కాబట్టి అచ్చు వెయ్యదట. బుడ్డి వాళ్లదే. ఖాళీ అయితే బస్టాండు వెనక కుర్రాడు సూదిమందు పొడిచినట్టు సిరంజీతో సిరా ఎక్కించి నూటయాభై తీసుకున్నాడు. కొత్తది కొంటే పద్నాలుగొందలు. మూడు నెలలపాటు ఆ సిరాతోనే శుభ్రంగా అచ్చేసిన యంత్రం, ఒక రాత్రి మేం నిద్రపోతుండగా ఇంటర్నెట్‌లోంచి కంపెనీవాళ్లు దాని చెవిలో ఏదో ఊదితే, తెల్లారేసరికి మడి కట్టుకుంది. బుడ్డి ఊడదియ్యబోతే వేలు తెగింది. మా ఆవిడ పసుపు అద్దింది. ఆ పసుపు సంగతి తర్వాత మనవి చేసుకుంటాను.

ముప్పై నాలుగేళ్లు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని, అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య కూర్చున్నవాణ్ని. అమ్మకం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెంటు దొడ్డి అమ్మినా సరే, క్రయదస్తావేజులో నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని అష్టభోగాలూ పేరుపేరునా రాసి, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కం అనుభవించుకోమని అప్పగించేవాణ్ని. ఆ సెంటు దొడ్లలో నిధి ఎవరికీ దొరకలేదు. అయినా దొరికితే ఎవడిదో ముందే తేల్చి ఉంచాం. పద్ధతంటే అదీ.

ఆ కంటితోనే ప్రింటరు ఒప్పందం చదివాను. కొన్న రోజున "అంగీకరిస్తున్నాను" అని ఎవరో నొక్కారు, నేనే అయ్యుంటాను. భూతద్దం పెట్టుకుని భోగి సాయంత్రం మొదలెడితే కనుమనాటికి పూర్తయింది. సారాంశం ఏమనగా, డబ్బా నాది. డబ్బాలో బుద్ధి నాది కాదు. దాన్ని అమ్మలేదు, వాడుకోడానికి అనుమతి ఇచ్చారు. ఆ అనుమతి ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదు. లోపల ఎలా పనిచేస్తోందో విప్పి చూడకూడదు. షరతులు వాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మారాయేమో నేను కనిపెట్టుకుని ఉండాలి. పుచ్చుకున్నది క్రయధనం, రాసిచ్చింది అద్దెచీటీ! ఎనిమిది భోగాల్లో ఒక్కటి లేదు. వీలునామా షెడ్యూల్లో చరాస్తుల కింద "ప్రింటరు ఒకటి" అని రాస్తే ఆ రాత చెల్లదు. మనవడికి డబ్బా వెళ్తుంది, బుద్ధి వెళ్లదు. మా వంశంలో ఇదివరకు అలా జరగలేదని కాదు.

మా అల్లుడుగారికి హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం. అల్లుడితో, అందులోనూ పండక్కొచ్చిన అల్లుడితో, వాదించే ఆచారం మా వైపు లేదు. అరిసెలు పెట్టి, ఆయన చెప్పింది వినాలి. "మామయ్యగారూ, మీకేం కోపం! ప్రింటరు మీద కోపంతో ఒకాయన ఏకంగా ఉద్యమమే లేవదీశాడు" అని మొదలెట్టారు.

రిచర్డ్ స్టాల్‌మన్ అని, అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ప్రోగ్రాములు రాసేవాడట. 1980 ప్రాంతంలో వాళ్లకి జిరాక్స్ కంపెనీ ఓ లేజర్ ప్రింటరు ఉదారంగా ఇచ్చింది. (జిరాక్స్ అనేది ఒక కంపెనీ పేరని మా ఊళ్లో ఎవరూ నమ్మరు. బస్టాండు పక్క ప్రతి బడ్డీకొట్టూ జిరాక్సే.) అందులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటర్లోనూ ఇరుక్కునేది గానీ, దాని ప్రోగ్రాము వీళ్ల చేతిలో ఉండేది. ఇరుక్కోగానే కాగితాల కోసం కాచుకున్నవాళ్లకి కబురు వెళ్లేలా దాన్ని తిరగరాసుకున్నారు. కొత్తదాని ప్రోగ్రాము మూలం మాత్రం కంపెనీ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర అది ఉందని తెలిసి స్టాల్‌మన్ వెళ్లి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడాయన. స్టాల్‌మన్‌కి నోట మాట రాలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

మాటిచ్చినవాడు మాట మీద నిలబడ్డాడు, అందులో తప్పేముందో నాకు బోధపడలేదు. అల్లుడుగారి ముందు పైకనలేదు.

కోపం ఆయనకీ వచ్చింది, నాకూ వచ్చింది. నేను వేలు తెంపుకున్నాను. ఆయన 1983లో, ఎవరైనా విప్పి చూసుకోగల, మార్చుకోగల కంప్యూటరు వ్యవస్థ మొత్తం మొదట్నుంచీ రాస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టి, 1985లో ఒక సంస్థ కట్టి, 1989లో ఒక లైసెన్సు పత్రం రాశాడు. ఆ పత్రం అల్లుడుగారి ఫోనులో చదివాను. దస్తావేజు లేఖరిగా ఒప్పుకుంటున్నాను: రాసినవాడు మా బల్లల వరసలో కూర్చోదగ్గవాడు. కాపీరైటు అనేది గోడ కట్టుకోమని చట్టం ఇచ్చిన హక్కు. ఈయన ఆ హక్కుని చేతబట్టుకుని, ఈ స్థలంలో ఎవరూ గోడ కట్టకూడదని షరతు రాశాడు. ఏ పనికైనా వాడుకో, లోపల చూసి మార్చుకో, నలుగురికీ పంచు, మార్చినదాన్నీ పంచు. అయితే పంచినప్పుడు మూలంతో సహా, ఇవే హక్కులతో పంచి తీరాలి. పుచ్చుకున్నవాడికీ అదే షరతు, వాడి దగ్గర పుచ్చుకున్నవాడికీ అదే. పూర్వం సత్రాలకి రాసిన దానపత్రాల్లో ఇలాంటి కట్టుదిట్టం చూశాను. ఆ ధర్మకర్తల మనవలు వాటినీ తినేశారు, అది వేరే కథ.

ఒక్కటే లోపం. ఆ నాలుగు స్వేచ్ఛలకీ ఆయన ఒకటి నుంచి కాక సున్నా నుంచి నంబర్లు వేశాడు. సున్నా నంబరు సర్వే అని దస్తావేజు పెడితే మా ఆఫీసులో కాగితాలు మొహాన కొట్టేవారు.

"వంటకం లాంటిదనుకోండి మామయ్యగారూ. దినుసులూ కొలతలూ చెప్పేస్తే ఎవరైనా వండుకోవచ్చు, ఉప్పు తగ్గించుకోవచ్చు" అన్నారు అల్లుడుగారు. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "మా అత్తగారు ఆవకాయ కొలతలన్నీ చెప్పారు బాబూ. ఆవపిండి ఎండలో ఎంతసేపు ఉంచాలో మాత్రం చెప్పలేదు. చివరిరోజుల్లో మంచం పక్కన కూర్చుని అడిగితే కళ్లు మూసుకుని రామ రామ అన్నారు." చట్టంలో దీన్ని వ్యాపార రహస్యం అంటారుట. మా ఇంట్లో అత్తరికం అంటారు.

దస్తావేజుకి రెండు పార్టీలుండాలి కనక రెండోపక్కా చెప్పాలి. 1976లో ఇరవయ్యేళ్ల బిల్ గేట్స్, కంప్యూటర్లు సరదాగా వాడుకునేవాళ్లందరికీ ఒక బహిరంగ లేఖ రాశాడు. నేను చెమటోడ్చి రాసిన బేసిక్ ప్రోగ్రామును కాగితపు చుట్టల మీద నకళ్లు తీసి పంచేసుకుంటున్నారు, ఇది దొంగతనం కాదా అని దాని తాత్పర్యం. ఆ అబ్బాయి కడుపుమంట నాకు తెలుసు. భాగపరిష్కార దస్తావేజులో హద్దులు కలగాపులగం కాకుండా రాసే ఒరవడి ఒకటి నాకు ప్రత్యేకంగా ఉండేది. వేపచెట్టు కింద మిగతా నాలుగు బల్లలవాళ్లూ దాన్ని మక్కీకి మక్కీ ఎత్తేశారు. "అయితే దానిమీద మీకు కాపీరైటు ఉండొచ్చు. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది" అన్నారు అల్లుడుగారు. మనవడికి ప్రింటరు రాకపోయినా ఇదైనా వస్తుందని ముచ్చటపడబోయాను. అంతలో ఆ ఒరవడి మా గురువుగారి అరుగుమీద కూర్చుని ఆయన చిత్తుల్లోంచి నేను ఎత్తిందేనని గుర్తొచ్చింది. ఫిర్యాదులోంచి ఆ పేరా కొట్టేశాను.

1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, కార్డ్ పథకం అన్నారు. కలం పట్టిన మా చేతులకి కీబోర్డు తగిలించారు. తెలుగు టైపు చెయ్యడానికి డీటీపీ సాఫ్టువేరు ఒకటి సంపాదించాను. కొన్నారా అని అడక్కండి. తాళం విరగ్గొట్టిన సీడీ కాకినాడ నుంచి వచ్చింది. పన్నెండేళ్లు దాంట్లోనే రాశాను. క్రయాలు, తాకట్లు, దానాలు, ఒక దత్తత, లెక్కలేనన్ని భాగపరిష్కారాలు. తర్వాత కంప్యూటరు మార్చాను. పాత ఫైలు తెరిస్తే, "తూర్పు: పంటకాలువ" అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిమీద కొమ్ములున్న అ ఆ లు కాని ఏవో జంతువులు.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో ఒక్కో ఫాంటు కంపెనీ తెలుగు అక్షరాలకి తన సొంత సంకేతాలు పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గదిలో కకారం కూర్చుంటుంది. ఆ ఫాంటు ఉన్నంతకాలం అది కకారం, ఫాంటు పోతే దాని మొహం దానికొస్తుంది. అంటే నన్నయ్యనాటి నుంచీ ఊరందరిదీ అయిన అక్షరాన్ని నా చేత రాయించి, దాని తాళంచెవి కంపెనీ మొలలో దోపుకుంది. నేను దొంగసీడీ వాడాను, నిజమే. వాళ్లు యాభయ్యారు అక్షరాల వర్ణమాలకి గొళ్లెం పెట్టారు. దొంగతనాల్లో ఏది పెద్దదో తేల్చడానికి నేను మునసబుని కాను.

1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి అందరికీ ఒకటే సంకేతాలు ఏర్పడ్డాయి. మా వేపచెట్టు కిందికి చేరడానికి మాత్రం ఇరవయ్యేళ్లు పట్టింది. ఇప్పుడు పోతన ఉంది, రామభద్ర, గురజాడ, ధూర్జటి, తిమ్మన, సురవరం, తెనాలి రామకృష్ణ, అన్నీ ఉచితం. కొలువులో కవులందర్నీ ఒక్కచోట ఇంత చవగ్గా కృష్ణదేవరాయలు కూడా చూసి ఉండడు. వీటిలో చాలావాటికి ఉన్న ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఓ షరతు చూసి ముచ్చటపడ్డాను: వాడుకో, మార్చుకో, పంచుకో, ఇంకోదాంతో కలిపి అమ్ముకో కూడా, కానీ ఫాంటుని ఒంటరిగా అమ్మడానికి వీల్లేదు. ఆడపిల్లని ఒంటరిగా పంపనన్నట్టు.

ఉన్నవి చదవలేకపోవడం ఒక ఎత్తు. ఉన్నవి మాయమవడం ఇంకో ఎత్తు. 2009 జులైలో అమెరికాలో కొందరు అమెజాన్ దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాల్ని ఆ కంపెనీ, కొన్నవాళ్ల పుస్తకయంత్రం కిండిల్‌లోంచి దూరాన్నుంచే చెరిపేసింది. హక్కులు లేనివాడెవడో అమ్మకానికి పెట్టాడట. డబ్బు తిరిగిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. చెరిపేసిన పుస్తకాలు జార్జ్ ఆర్వెల్ రాసిన యానిమల్ ఫామ్, 1984. ఈ వరస నేను కల్పించి రాస్తే అతిశయోక్తి అనేవారు.

పసుపు దగ్గరికొస్తాను. కట్టుకట్టిన నా వేలు చూసి అల్లుడుగారు నవ్వారు. "అత్తయ్యగారు ఈ పని 1996లో అమెరికాలో చేసుంటే చిక్కే." 1995లో అక్కడి పేటెంటు ఆఫీసు, గాయాలు మానడానికి పసుపు వాడడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఇద్దరు పరిశోధకులకి పేటెంటు ఇచ్చింది. ఆ ఇద్దరూ ప్రవాస భారతీయులే. వాళ్ల అమ్మమ్మలు ఏమనుకుని ఉంటారో! మాషేల్కర్ గారి సారథ్యంలో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి వైద్యపత్రిక వ్యాసమూ పట్టుకెళ్లి పోరాడితే 1997లో రద్దయింది. మా ఆవిణ్ని సాక్ష్యానికి పిలిస్తే ఒక్క వాయిదాలో తేలేది. వేపనూనెతో తెగుళ్లు అరికట్టే పద్ధతి మీద యూరప్‌లో 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో కొట్టేశారు, అప్పీలు ముగిసేసరికి 2005. ముప్పై నాలుగేళ్లు నేను కూర్చున్నది ఎవరి చెట్టు కిందో అని ఆ పదకొండేళ్లూ తెలీక నిశ్చింతగా ఉన్నాను.

ఇలాంటివి మళ్లీ జరక్కుండా 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానమంతా డిజిటల్ గ్రంథాలయంగా కూర్చడం మొదలెట్టింది. అందరి విద్యనీ ఎవరూ కబ్జా చెయ్యకుండా కాపాడే ఆ గ్రంథాలయం తలుపులు పేటెంటు ఆఫీసులకి తప్ప ఇంకెవరికీ తెరవలేదు. మిగతావాళ్లనీ రానివ్వడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. మా అత్తరికం ఢిల్లీ దాకా ఉందన్నమాట.

ఇక ఉచితం పెట్టేవాళ్ల మీద కూడా నాకో ఫిర్యాదుంది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు సరదాకి మొదలెట్టిన కంప్యూటరు వ్యవస్థ లినక్స్, స్టాల్‌మన్ లైసెన్సు కిందికొచ్చి, ఇవాళ నా ఫోను అడుగున కూడా అదే ఉందట. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టారు. ఇక్కడా అలాగే పెట్టారు. అయితే కొందరు పెద్దమనుషులు పంక్తిలో కూర్చుని తిని, క్యారేజీ కట్టించుకుపోయి, పక్కవీధిలో దాంతోనే హోటలు తెరిచారు. 2001లో మైక్రోసాఫ్ట్ పెద్ద స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సరన్నాడు. ఆయన తర్వాత గద్దెక్కిన మన హైదరాబాదు సత్య నాదెళ్ల మాకు లినక్స్ అంటే ప్రేమన్నాడు. 2018లో ఆ కంపెనీ, ఉచిత ప్రోగ్రాములు రాసేవాళ్లంతా తమ కట్టలు దాచుకునే గిట్‌హబ్ అనే చావడిని 750 కోట్ల డాలర్లకి కొంది. మన హైదరాబాదు కుర్రాడు బాగుపడితే సంతోషమే. ఊరకుక్కని అదిలించినవాళ్లే ఊరచెరువు కొన్నారని చెప్పడం నా విధి.

వండేవాడి గతి చూడండి. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్లు కుదించే చిన్న ఉపకరణం. ప్రపంచంలో లినక్స్ నడిచే చాలా చోట్ల ఉంటుంది. దాన్ని జీతంభత్యం లేకుండా ఏళ్లతరబడి చూసుకున్నది ఫిన్లాండులో ఒక్క మనిషి. ఆయన అలిసిపోయాడు. కొత్త సరుకు ఏదీ అని ముక్కూమొహం తెలియని పేర్లతో సతాయింపు మొదలైంది. ఆ రోజుల్లోనే జియా టాన్ అనే పేరుతో ఒకరు నేను సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లపైన ఎంతో నమ్మకంగా పనిచేసి, తాళాలు చేతికొచ్చాక అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటర్లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి, తవ్వి, పట్టుకున్నాడు. అర సెకను! మా ఆవిడ పాలు విరగబోతున్నాయని వీధిగుమ్మం నుంచి వాసన పట్టినట్టు. పట్టినాయన ఉద్యోగం ఎక్కడంటారా? మైక్రోసాఫ్ట్‌లో. తిట్టబోయినప్పుడల్లా ఇలాంటిదొకటి అడ్డమొచ్చి నా ఫిర్యాదు పదును పోతోంది.

కృత్రిమ మేధ కంపెనీల సంగతి మూడు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. తమ ప్రోగ్రాములో ఒక్క గీత చూపించమంటే మేధోసంపత్తి అని కయ్యిమనే కంపెనీలు, లోకంలో అచ్చయినదంతా తమ యంత్రాల చేత చదివించాయి. 2023 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్, 2024 నవంబరులో మన ఏఎన్ఐ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టులో, ఓపెన్ఏఐ మీద దావాలు వేశాయి. నా భాగపరిష్కారాల ఒరవడి కూడా చదివే ఉంటాయి. హద్దులు సరిగ్గా రాస్తున్నాయో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు.

కనుమ సాయంత్రం అల్లుడుగారు మా పాత కంప్యూటర్లోకి లినక్స్ ఎక్కించారు. పైసా ఖర్చు లేదు, గుర్రంలా లేచింది. ప్రింటరుని తనంతట తనే గుర్తుపట్టింది. మీట నొక్కాం. ప్రింటరు గుర్రుమని, కాగితం సగం మింగి, కక్కి, ఎర్రదీపం వెలిగించింది. మొండితనం కంప్యూటర్లో లేదు, ప్రింటరు లోపల ఉంది, అక్కడికి లినక్స్ చెయ్యి వెళ్లదని అల్లుడుగారు కాస్త చిన్నబోయారు. ఆయన నొచ్చుకుంటారని ఇంకో రెండు అరిసెలు పెట్టాం.

వాళ్లు బస్సెక్కాక, ప్రింటరు చంకలో పెట్టుకుని బస్టాండు వెనక్కి వెళ్లాను. కుర్రాడు చూసి, "ఆయ్, ఈ రకవే వస్తన్నాయండి ఈమధ్య. అయిపోద్దండి" అని, ప్లాస్టిక్ తెర వెనక్కి పట్టుకెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. డబ్బిచ్చేవాణ్ని, చూసే హక్కుంది. చిన్న పట్టుకారుతో పావుగంటలో చేసేశాడు. వీలునామా నల్లగా, నిగనిగలాడుతూ నాలుగు పేజీలూ వచ్చింది.

"ఎవరు నేర్పారోయ్?" అన్నాను.

"ఫోనులో వీడియో అండి. తమిళ్ ఆయనెవరో పెట్టాడండి, ఊరికేనే. మాటలు తెలవలేదండి, చేతులు చూసి నేర్చుకున్నానండి." డబ్బులు లెక్కపెట్టుకుని గొంతు తగ్గించాడు. "మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి బాబాయ్‌గారూ. ఈ ఈదిలో ఇంకో మూడు జిరాక్సులున్నాయండి. మాటివ్వండి."

ఇచ్చాను. షెడ్యూల్లో ప్రింటరు ఎదుట కలంతో "డబ్బా మాత్రమే" అని చేర్చి సంతకం పెట్టాను.

మర్నాడు పక్కింటి హెడ్మాస్టారుగారు వచ్చారు. నా సలహా మీద అదే ప్రింటరు కొన్నారు పాపం, ఆయనదీ ఎర్రదీపమే. మనవరాలి ప్రాజెక్టు ఆ సాయంత్రానికి అచ్చు కావాలిట. ఆ కుర్రాడు మధ్యాహ్నం బండికెళ్లి అత్తారింటికి పోయాడు, నాలుగు రోజులదాకా రాడు. "మీరు పక్కనే ఉండి చూశారటగా. ఏం చేశాడో కాస్త చెప్పండి, పట్టుకారు నాదగ్గరా ఉంది" అన్నారు.

"మాటిచ్చానండి మాస్టారూ" అన్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. అయినా గబగబానే దిగారు.